అన్నయ్య మళ్ళీ వేసిన అతుకులు

ఆ వేసవిలో మా వీధుల్లో నేను మెట్లెక్కని షాపు లేదు. వడ్రంగి, లేతు, బైకులు బాగుచేసేవాడు, ప్రెస్సు, బేకరీ... ఎవరి షట్టరు సగం లేచి కనిపిస్తే వాళ్ళ దగ్గరికి వంగి దూరిపోయేదాన్ని. మా బడిలో ఆఖరి తరగతి పిల్లలు సెలవులన్నీ ఏదో ఒక షాపులో పని నేర్చుకోవాలి, బడి తెరిచాక కూడా వారంలో సగం రోజులు అక్కడికే వెళ్ళాలి. అలాగని బడికీ షాపులవాళ్ళకీ ఒప్పందం కుదిరింది. కుదిరింది అంటే హెడ్మాస్టరు గారు మీటింగులో ఫ్యాను కింద కుదిర్చారు. ఎండలో తిరిగి కుదిర్చే వంతు నాది.

నేను చెప్పే మాట ఒకటే. నాలుగు షాపులు తిరిగేసరికి బట్టీ అయిపోయింది. "పిల్లల్ని టీలు తేవడానికి పంపడం లేదండీ. పని చేతికివ్వండి. చెడగొట్టనివ్వండి. చెడగొడితే తిట్టండి, తిట్టి మళ్ళీ చేయించండి."

ట్రాలీలు తయారుచేసే వెల్డింగు ఆయన ఒకరున్నారు. నోరు తెరిస్తే మంటే కాబట్టి అందరూ ఆయన్ని కొరివి అంటారు. ఆయన అద్దాలు నుదుటి మీదికి నెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"బాగా చెప్పారు టీచర్ గారూ. చెడగొట్టడానికి ఇనుము మీ ఇంట్లోంచి పంపిస్తారా?"

"మీరు నేర్చుకున్నప్పుడు ఎవరింట్లోది చెడగొట్టారు?"

నవ్వాడు. "సరే, ఎవర్నైనా పంపండి చూద్దాం. ఏడిస్తే మాత్రం సగం రోజులో వెనక్కి తోలేస్తా."

ఆయన దగ్గరికి ఎవర్నీ పంపలేకపోయాను. తల్లులు ఒప్పుకోలేదు. వాళ్ళకి కూడా పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను, పిల్లల్ని కళ్ళలో పెట్టుకుని కూర్చుంటే పని ఎప్పుడొస్తుందమ్మా అని.

ఒప్పందంలో అసలు తీపి చివర్లో ఉంది. బస్సు బాడీలు కట్టే కంపెనీవాళ్ళు సెలవులు అయిపోయే ముందు బడికొచ్చి వెల్డింగు పిల్లలకి పరీక్ష పెడతారు. షాపుకి ఒక్కరు చొప్పున తీసుకుని, చదువు ఆపకుండా పని నేర్పించి, తర్వాత తమ దగ్గరే ఉద్యోగంలో పెట్టుకుంటారు. మా అమ్మాయి ప్రాణం అంతా ఆ సీటు మీదే ఉంది.

అదీ అదే తరగతి. పసిపిల్లగా ఉన్నప్పుడు వెల్డింగు షాపు ముందు నుంచి వెళ్తే, అటు చూడకే కళ్ళు పోతాయని నేను కొంగు అడ్డం పెడితే, కొంగు పక్కకి లాగి చూసేది. వాళ్ళ నాన్న మోటార్లకి తీగ చుట్టే షాపు నడుపుతారు. "నా దగ్గర కూర్చోవే, నీడపట్టున పని" అన్నారాయన.

"కుదరదు నాన్నా. సొంత నాన్న దగ్గర చేరకూడదని రూలు."

రూలు పెట్టింది నేనే. మేనమామ దగ్గర చేరకూడదని మాత్రం పెట్టలేదు.

మా అన్నయ్యది గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపు. ఆయన ఇద్దరిని తీసుకుంటానన్నాడు. ఒకరు మా అమ్మాయి. రెండోవాడు దాని తరగతివాడే, ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి బొంగరం అని పిలుస్తారు. వాళ్ళమ్మ మా బడి వంటగదిలో పాత్రలు కడుగుతుంది. పిల్లలిద్దరూ మాస్కులు పెట్టుకుని ఒకరినొకరు చూసి పడీపడీ నవ్వుతుంటే నేను బయటికి వచ్చేశాను. వచ్చినదాన్ని వచ్చినట్టు పోకుండా మళ్ళీ వెనక్కి వెళ్ళాను. అన్నయ్య కుండలోంచి నీళ్ళు ముంచుకుంటున్నాడు.

"అన్నయ్యా, అది ఒక్క మాట పడదు. కాస్త చూసుకో."

"నా మేనకోడల్ని గురించి నువ్వు నాకు చెప్పాలా? వెళ్ళు, నువ్వింకా తిరగాల్సిన షాపులున్నాయిగా."

అంతే. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు నేను. అదొక మాట అని కూడా నాకు తోచలేదు.

*

ఆ నెలంతా మా ఇంట్లో ఇనుప పొడి వాసనే. అది సాయంత్రం వచ్చి, గోళ్ళలో నలుపు అలాగే పెట్టుకుని అన్నానికి కూర్చునేది. చేతులు కడుక్కో అంటే, ఇది మురికి కాదమ్మా పని అనేది. వాళ్ళ నాన్న ముసిముసిగా నవ్వేవారు.

"ఇవాళ ఏం చేశావు?"

"ఎవరిదో మేడ మెట్లకి చేతిపట్టీ. మూడు అతుకులు నావే నాన్నా. మావయ్య చూసి బంగారంలా ఉంది అన్నాడు."

"మరి బొంగరం?"

"వాడి ఖర్మ. పొద్దున్నుంచీ మావయ్య తిట్లే. చెయ్యి వణుకుతోందంటాడు, రాడ్ అంత దగ్గర పెట్టావేంరా అంటాడు, కొట్టి ఊడదీసి మళ్ళీ వెయ్యమంటాడు. ఒకే ముక్క నాలుగుసార్లు వేయించాడు ఇవాళ. పాపం, వాడికి ఎప్పటికి వస్తుందో." కంచంలో వేలు తిప్పుతూ, "మావయ్యకి నేను చెప్పానమ్మా, వాడిని మరీ అంతలా తిట్టొద్దని" అంది.

మా ఆయన తలెత్తి నా వంక చూశారు. రోజూ మోటార్లు విప్పి లోపలి తీగ ఎక్కడ మాడిందో వాసన పట్టే మనిషి. నేను లేచి మజ్జిగ తేవడానికి వెళ్ళాను. మనసులో ఒక మూల ఏదో గుచ్చుకుంది గానీ, నా కూతురికి చెయ్యి తిరిగింది, వాడికి తిరగలేదు, అంతేగా అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా కూడా ఉంది.

షాపులు చూసి రావడం నా బాధ్యత. పిల్లలున్న ప్రతి షాపుకీ వెళ్ళేదాన్ని, లేతు దగ్గర అరగంట నిలబడి పిల్ల చేతికి పని ఇస్తున్నారా లేదా అని చూసేదాన్ని, బేకరీ ఆయనతో పోట్లాట కూడా పెట్టుకున్నాను, పిల్లాడి చేత ట్రేలు కడిగిస్తున్నాడని. అన్నయ్య షాపుకి మాత్రం వెళ్ళి టీ తాగి వచ్చేసేదాన్ని. మనవాడేగా.

*

ఒక సాయంత్రం అది టిఫిన్ క్యారియర్ షాపులోనే మరిచిపోయి వచ్చింది. పొద్దున్న అన్నం పెట్టడానికి కావాలి కదా అని నేనే బయల్దేరాను. ఇంకా వెలుగుంది. షట్టరు ముప్పాతిక దించి ఉంది, లోపల గ్రైండర్ మోత.

వంగి చూశాను. అన్నయ్య ఒక కిటికీ గ్రిల్లుని నేలమీద వేసుకుని దాని అతుకులు కోసేస్తున్నాడు. బొంగరం రెండో చివర కాలితో తొక్కి పట్టుకున్నాడు. ఆ గ్రిల్లు నాకు తెలుసు. మధ్యలో ఆకుల డిజైను. ముందురోజు రాత్రి అన్నం తింటూ దాని గురించే గంటసేపు చెప్పింది నా కూతురు.

కోసిన చోట పోసిన లోహం పెచ్చులా ఊడి వచ్చింది. లోపల మట్టిలా నల్లటి పొడి. పట్టు లేదు. అది చూడ్డానికి నాకు వెల్డింగు రావక్కర్లేదు.

అన్నయ్య గ్రైండర్ ఆపాడు. నేను షట్టరు కింది నుంచి లోపలికి దూరాను.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"రోజూ కాదు." మొహం తుడుచుకున్నాడు. "అది ఏదైనా అతికిన రోజున."

"మరి బంగారంలా ఉందన్నావట."

"పైకి బాగానే వేస్తుంది. చెయ్యి నాజూకు. లోపలికి దిగదు. దిగాలంటే వందసార్లు ఊడగొట్టి వేయించాలి. ఊడగొడితే ఏడుస్తుంది."

"ఏడిస్తే ఏడవనీ. నేర్పడానికేగా పంపింది."

"నువ్వే కదమ్మా అన్నావు," అన్నాడు మెల్లగా. చిన్నప్పుడు నేను పడిపోతే ఎత్తుకుని అనేవాడు అలా, అమ్మా అని. "ఒక్క మాట పడదు, చూసుకో అని. చూసుకున్నాను. రేపు అది మీ ఇంటికెళ్ళి ఏడిస్తే, మీ ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఇప్పటినుంచైనా నేర్పు."

"ఇన్నాళ్ళు పొగిడి ఇప్పుడు తిట్టమంటావా? పరీక్ష నెత్తిమీదికి వచ్చింది. ముందు దానికి నిజం చెప్పాలి. నువ్వు చెప్పు. టీచరువి నువ్వు. రోజూ పిల్లలకి చెప్పే పనేగా."

చెబుతానన్నాను. క్యారియర్ తీసుకుని బయటికి వచ్చాను. బొంగరం చీపురు పట్టుకుని వాకిట్లో ఇనుప పొడి ఊడుస్తున్నాడు. వాడి ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన చుక్కలు. నేను ఆగాను.

"ఒరే, నువ్వు దానికేమీ చెప్పలేదు కదా?"

"లేదు టీచర్."

"చెప్పకు. దానికి ఆ సీటంటే ప్రాణం. నీకు తెలుసుగా."

వాడు చీపురు ఆపి నా వంక చూశాడు. ఏదో లెక్క అప్పుడే అర్థమైనవాడిలా తలూపాడు. "సరే టీచర్" అన్నాడు. మంచి పిల్లాడు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాడు జడ వేస్తూ చెప్పాలనుకున్నాను. రెండు పాయలు విడదీశాను, మూడో పాయ దగ్గర నోరు తెరిచాను. "టిఫిన్ తినేసి వెళ్ళు" అన్నాను. ఆ మర్నాడు, "మాస్కు తీసుకున్నావా" అన్నాను. మా ఆయన వరండాలో పేపరు వెనకాల కూర్చుని, "ఏదో చెప్పాలనుకుంటున్నావు, చెప్పేయరాదూ" అన్నారు నాతో. "ఏం లేదు" అన్నాను. పరీక్ష ముందు పిల్ల ధైర్యం చెడగొట్టడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పరీక్షల్లో ఒక్కోసారి చెయ్యి దానంతటదే కుదురుతుంది కదా అని కూడా అనుకున్నాను. తరగతిలో ఏ పిల్లైనా ఈ మాటంటే గోడకుర్చీ వేయించేదాన్ని.

*

పరీక్ష బడి సైకిల్ షెడ్డులో పెట్టారు. కంపెనీ మేస్త్రీ బండ మనిషి, మాట మెత్తన. ఒక్కొక్కరికీ రెండేసి ఇనుప పట్టీలు ఇచ్చాడు. వాటిని అతకాలి. అందరివీ అయ్యాక, చల్లారాక, ఒక్కోదాన్నీ బల్లకున్న ఇనుప దవడల మధ్య బిగించి పెద్ద సుత్తితో కొడతాడు. అతుకు గట్టిదైతే ఇనుము వంగుతుంది గానీ అతుకు విడదు. షాపులవాళ్ళంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నారు, పెళ్ళిచూపులకొచ్చినట్టు సర్దుకుని. కొరివి కూడా వచ్చాడు, పిల్లలెవరూ లేకపోయినా, వేడుక చూడ్డానికి. నేను అన్నయ్య పక్కన కూర్చున్నాను.

మా అమ్మాయి తనది ముందే ముగించి మాస్కు ఎత్తి మా వైపు చూసి నవ్వింది. అన్నయ్య నేలచూపులు చూశాడు. తర్వాత బొంగరం వంతు. వాడు మిషను ముందు వంగి ఏదో తిప్పాడు.

"వీడేంటి, కరెంటు తగ్గించాడు? అతుకు లోపలికి దిగదు కదా!" అన్నాడు అన్నయ్య, నాకు మాత్రమే వినబడేలా.

"కంగారు పడుతున్నాడేమో."

"వీడా?"

షాపుకి ఒక్కరికే సీటు. చీపురు ఆపి వాడు తలూపిన తీరు గుర్తొచ్చింది. అప్పుడు కూడా మాట్లాడలేదు.

కొట్టడం మొదలైంది. ముందు ఇద్దరు ముగ్గురు వేరే షాపుల పిల్లలు. ఒకరిది నిలిచింది, ఒకరిది చీలింది. మా అమ్మాయిది బిగించాడు. ఒకే దెబ్బ. పుల్ల విరిగినట్టు రెండయింది. మేస్త్రీ ఆ ముక్కలు దాని చేతికిచ్చి, "లోపలికి దిగలేదమ్మా" అన్నాడు. ఏడుస్తుందని నేను సగం లేచాను. ఏడవలేదు. విరిగిన చోట బొటనవేలితో రాసి, నలుపు అంటిన వేలు చూసుకుంది. తర్వాత తిన్నగా మా అన్నయ్య ముందుకొచ్చి నిలబడింది.

"మావయ్యా, నేను చేసిన గేట్లు పడిపోతాయా?"

"పడవులే."

"ఎందుకు పడవు?"

అన్నయ్య తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

ఈలోగా వెనక సుత్తి పడింది. బొంగరందీ ఒకే దెబ్బకి రెండు ముక్కలైంది. అది వెనక్కి తిరిగింది. వెళ్ళి వాడి ముక్కలు బల్ల మీదినుంచి తీసి తిప్పి చూసింది.

"ఇది నీ అతుకు కాదు," అంది వాడితో. "కావాలని చేశావు."

వాడు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

"ఎందుకురా?"

వాడు నా వైపు చూశాడు, అంతే. చెప్పొచ్చా టీచర్ అని అడిగేవాడిలా. దాని చూపు వాడి చూపు వెంబడే వచ్చి నా దగ్గర ఆగింది. నా మొహంలో ఏం కనబడిందో గానీ, అంతకంటే దానికి అడగాల్సిన అవసరం రాలేదు.

"సార్," అంది మేస్త్రీతో, "వీడికి ఇంకో ముక్క ఇవ్వండి."

"వీడికా? నీకు కాదా?"

"నాకు రాదు సార్. వీడికొచ్చు."

మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఒకళ్ళకి ఇస్తే అందరూ అడుగుతారమ్మా." తర్వాత నా వైపు తిరిగాడు, ఆ పిల్లల టీచరుని నేనే కాబట్టి. "మీరేమంటారు టీచర్ గారూ? పిల్లాడు నిజంగానే కావాలని చేశాడా?"

షెడ్డులో అందరూ నన్నే చూస్తున్నారు. పని చేతికివ్వండి, చెడగొట్టనివ్వండి, తిట్టండి అని ఎవరెవరి మెట్లెక్కి చెప్పానో వాళ్ళందరూ.

"నా వల్ల చేశాడు," అన్నాను. "వాడికివ్వండి."

ఎవరూ గుసగుసలాడలేదు. ఆడినా బాగుండేది. బొంగరానికి ఇంకో రెండు పట్టీలిచ్చారు. ఈసారి అన్నయ్యే లేచి వెళ్ళి వాడి వెనక నిలబడి, "కరెంటు సరిగ్గా పెట్టు వెధవా" అని అలవాటుగా తిట్టాడు. మేస్త్రీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఇనుము వంగి వంగి దోసిలిలా అయింది గానీ అతుకు విడలేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. కొట్టి, సంచి తీసుకుని, ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది.

*

ఇంట్లో పెద్ద గొడవవుతుందనుకున్నాను. కాలేదు. మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, "టీచర్ గారూ, నాకు వేరే షాపు కావాలి" అంది. బడిలో నన్ను అందరిలాగే టీచర్ అనడం దానికి అలవాటే. ఇంట్లో అనడం అదే మొదలు.

"ఎక్కడ చేరతావు?"

"కొరివి దగ్గర."

"ఆయన నోరు మంచిది కాదే."

"తెలుసు."

"నేను వచ్చి ఒక మాట..."

"నువ్వు రాకు." అది మాత్రం మా అమ్మాయి గొంతు. "నువ్వు ఒక్క మాట కూడా చెప్పకు. నేనే మాట్లాడుకుంటా."

వెళ్ళింది. ఆయన ఏమన్నాడో, అది ఏమందో నాకు తెలియదు. ఆ రోజునుంచీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం, తినడం, పడుకోవడం. కబుర్లన్నీ వాళ్ళ నాన్నతోనే, అవీ నేను పెరట్లో ఉన్నప్పుడు. బొంగరం కంపెనీలో చేరాడు. బడి తెరిచే లోపు పాత్రలు తోమి పెట్టడానికి వచ్చిన వాళ్ళమ్మ వంటగదిలో నన్ను పట్టుకుని, "మీ దయ వల్లే టీచరమ్మా" అని తడిచేతులతో దణ్ణం పెట్టింది. ఆ చేతులు పట్టుకుని దించి, అక్కడ నిలబడలేక స్టాఫ్ రూమ్‌లోకి వచ్చేశాను. అన్నయ్య రోజూ సాయంత్రం మా ఇంటి మీదుగానే వెళ్ళేవాడు. ఇప్పుడు వెనకవీధి నుంచి వెళ్తున్నాడని మా ఆయన చెప్పారు. నేను వెళ్ళి పిలవలేదు. పిలిస్తే, నువ్వే కదమ్మా అన్నావు అని మళ్ళీ అనడు. అనడని తెలిసే వెళ్ళలేకపోయాను.

సెలవులు ఇంకొక వారంలో అయిపోతాయనగా, అది కళ్ళు మూసుకుని తడుముకుంటూ వచ్చింది. మాస్కు దించకుండానే మంట వెలిగించిందట. అప్పుడేమీ తెలియలేదు, ఇంటికొచ్చేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది, దీపం వెలుగు కూడా పడటం లేదు. నీళ్ళు ధారగా కారుతున్నాయి. మందులషాపు అబ్బాయి చుక్కలు ఇచ్చి, తెల్లారేసరికి తగ్గుతుంది, చన్నీళ్ళ గుడ్డ వేస్తూ ఉండమన్నాడు.

లైటు ఆర్పేసి ముందుగదిలో చాప మీద పడుకోబెట్టాం. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని గుడ్డ తడిపి కళ్ళ మీద వేస్తున్నారు. ఇంతలో ఎవరో మోటారు కోసం వచ్చి గేటు దగ్గర పిలిస్తే ఆయన లేచి వెళ్ళారు. గుడ్డ వేడెక్కిపోయి ఉంటుంది. నేను చప్పుడు చేయకుండా వెళ్ళి కూర్చుని, అది తీసి, ముంచి, పిండి వేశాను. అది కదల్లేదు. మళ్ళీ ముంచి వేశాను. నాన్నే అనుకుంటోందని నాకు ధైర్యం వచ్చింది. నుదుటి మీద అంటుకున్న జుట్టు పక్కకి తీశాను.

"నాన్న చేతులు గరుకు," అంది.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. గేటు దగ్గర మా ఆయన ఎవరితోనో మోటారు మాడిన సంగతి మాట్లాడుతూనే ఉన్నారు.

"అమ్మా..." అని నేను మొదలుపెట్టబోయాను. చెప్పాల్సిందంతా ఒక్కసారి గొంతు దాకా వచ్చింది.

"మాట్లాడకు," అంది. కాసేపాగి, "గుడ్డ వేడెక్కింది" అంది.

మార్చాను.